హారంలోని బంగారం, హారంలోని రాయి

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! హిజ్రీ శకం 7వ సంవత్సరం, అనగా క్రీ.శ. 628లో ఖైబర్ విజయం సిద్ధించింది. ఆ రోజున హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) పన్నెండు దీనార్లు చెల్లించి ఒక హారాన్ని కొన్నారు. అందులో బంగారమూ ఉంది, పూసలూ ఉన్నాయి. ఆయన వాటిని విడదీసి తూచగా, ఒక్క బంగారమే పన్నెండు దీనార్ల కంటే ఎక్కువ తేలింది. ఈ సంగతి దైవప్రవక్త (సఅసం)కు విన్నవించినప్పుడు, బంగారాన్ని, పూసలను వేరు చేయనిదే అటువంటి హారాన్ని అమ్మరాదని వారు ఆదేశించారు. సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్న ఉల్లేఖన సారాంశమిది.

ఆ ఒక్క ఆదేశం వెనుక సంపద చరిత్రకు సంబంధించిన పెద్ద పాఠం ఉంది. బంగారానిది ఒక స్వభావం, రాయిది మరొక స్వభావం. రెండింటినీ ఒకే దారంలో గుచ్చి ఒకే ధర పలికినప్పుడు, దేనికి ఎంత చెల్లిస్తున్నామో కొనేవానికి తెలియదు. మన ఇళ్లలో ఆడబిడ్డల పెళ్లికని, ఆపద సమయానికని, వృద్ధాప్యానికని దాచుకునే సొమ్ములో అధికభాగం ఈ రెండు రూపాలలోనే ఉంటున్నది. కనుక ఇవి రెండూ గతంలో ఎవరికి అక్కరకు వచ్చాయో, ఎవరికి రాలేదో తెలుసుకోవడం మనకు అవసరం.

దీనారు: అందరికీ తెలిసిన తూకం

ఇస్లాంకు పూర్వం మక్కా వర్తకులకు సొంత నాణెం లేదు. సిరియా వైపు నుంచి రోమన్ల బంగారు నాణేలు, ఇరాక్ వైపు నుంచి పర్షియన్ల వెండి నాణేలు వచ్చేవి. దివ్య ఖుర్‌ఆన్‌లో దీనారు పేరు ఆలి ఇమ్రాన్ సూరాలోనూ, దిర్హముల పేరు యూసుఫ్ సూరాలోనూ కనిపిస్తాయి. చిన్నతనంలో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను అమ్మివేసింది కొద్దిపాటి దిర్హములకే.

హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ రాజుల బొమ్మలు లేని బంగారు దీనారును ముద్రింపజేశాడు. దానిపై ఉన్నవి అక్షరాలు మాత్రమే. దాని తూకం ఒక మిస్కాల్, నేటి లెక్కలో దాదాపు 4.25 గ్రాములు. వెండి దిర్హమును కూడా ఈ కొలతకు ముడివేశారు. పది దిర్హముల బరువు ఏడు మిస్కాళ్లకు సమానం. జకాత్‌కు ఇరవై మిస్కాళ్ల బంగారమని, రెండు వందల దిర్హముల వెండి అని మన ధర్మశాస్త్రం చెప్పే నిసాబ్ ఈ తూకాల మీదనే నిలిచి ఉంది.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. ఒక దీనారును రెండు ముక్కలు చేస్తే, ఆ రెండు ముక్కల విలువ కలిపి మొదటి దీనారు విలువే. కరిగించినా, మరల పోతపోసినా బంగారం బంగారమే. దాని వన్నెను గీటురాయి మీద గీసి సామాన్య కంసాలి కూడా చెప్పగలడు. సర్రాఫుకు తెలిసిన ధర సంతలోని ముసలమ్మకూ తెలుస్తుంది. బంగారాన్ని విలువకు కొలబద్దగా నిలిపిన గుణాలు ఇవే.

అయితే ఆ కొలబద్ద కూడా కదలనిది కాదు. హిజ్రీ 724లో, అనగా క్రీ.శ. 1324లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజ్యపు సుల్తాన్ మన్సా మూసా హజ్ యాత్రకు వెళుతూ కైరోలో ఆగాడు. ఆయన పరివారం లెక్కలేనంత బంగారాన్ని దానాలుగా, కానుకలుగా, కొనుగోళ్లుగా ఆ నగరంలో వెదజల్లింది. సుమారు పన్నెండేళ్ల తరువాత చరిత్రకారుడు అల్ ఉమరీ కైరో వాసులను విచారించి ఒక విషయం నమోదు చేశాడు. మూసా రాకకు ముందు ఒక మిస్కాల్ బంగారం ఇరవై ఐదు దిర్హములకు తగ్గేది కాదట. ఆ తరువాత ఇరవై రెండు దిర్హములను మించలేదట. అంత బంగారం పంచిన ఆ సుల్తానే తిరుగు ప్రయాణంలో కైరో వర్తకుల వద్ద అప్పు చేయవలసి వచ్చింది.

మన కాలంలోనూ ఇదే జరిగింది. 1980 జనవరిలో ప్రపంచ విపణిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరింది. 1999 నాటికి అది 260 డాలర్లకు దిగువన పడింది. శిఖరం వద్ద కొన్న డాలర్ల దేశపు మనిషి పందొమ్మిదేళ్ల తరువాత చూసుకుంటే, మూడింట రెండు వంతులు పోయాయి. బంగారం ధర ఎన్నడూ తగ్గదని పెద్దలు చెప్పేమాట మన రూపాయి విలువ తరిగిపోతూ వచ్చిన దేశంలో నిజమనిపిస్తుంది కాని, చరిత్ర దానిని పూర్తిగా సమర్థించదు.

గోల్కొండ: గుడ్డ కింది బేరం

ఇప్పుడు రాళ్ల సంగతికి వద్దాము. ఈ విషయంలో మనం దూరదేశాలకు పోనక్కరలేదు. పద్దెనిమిదవ శతాబ్దం వరకు లోకానికి వజ్రాలంటే ప్రధానంగా మన నేల నుంచి వెళ్లినవే. గోల్కొండ కోటలో గనులు లేవు. అది విపణి. గనులు కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల ఉండేవి. నేడు పల్నాడు ప్రాంతంలోని కొల్లూరు గని పులిచింతల జలాశయపు పరిధిలోకి వెళ్లింది.

ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే పదిహేడవ శతాబ్దంలో పలుమార్లు ఈ ప్రాంతానికి వచ్చి, తాను చూసినది గ్రంథస్థం చేశాడు. చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవానికి పెద్ద రాయి దొరకడంతో కొల్లూరు గని బయటపడిందని ఆయన రాశాడు. ఆయన వెళ్లిన నాటికి అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలతో కలిపి దాదాపు అరవై వేలమంది పనిచేస్తున్నారట. మరొక గనిలో పనివానికి ఏడాదికి దక్కేది మూడు వరహాలేనని కూడా ఆయనే చెప్పాడు. ఒకడు చిన్న వజ్రాన్ని కంటి కొలకులో దాచుకున్న ఉదంతం కూడా ఆ గ్రంథంలో ఉంది. రాజుల కిరీటాలలోని వెలుగు వెనుక ఈ కన్నీరు ఉన్నదని మనం మరువరాదు.

ఆ గ్రంథంలో మన విషయానికి అత్యంత ముఖ్యమైన వర్ణన బేరం గురించినది. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకరి చేతిని మరొకరు నడికట్టు గుడ్డ కింద పట్టుకునేవారు. మొత్తం చేయి పట్టుకుంటే వేయి, అయిదు వేళ్లు పట్టుకుంటే అయిదు వందలు, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలి సగం పట్టుకుంటే యాభై, వేలి కొన పట్టుకుంటే పది. నోట ఒక్క మాట లేదు. చుట్టూ ఎందరు నిలబడి చూస్తున్నా, ఎంతకు తెగిందో ఆ ఇద్దరికి తప్ప మరెవరికీ తెలియదు. ఒకే రాయి ఒకే రోజున మూడు చేతులు మారి మూడు ధరలు పలకవచ్చు.

రాయి స్వభావమే ఇంత. రెండు క్యారట్ల వజ్రం ధర ఒక క్యారట్ వజ్రానికి రెండింతలు కాదు, నాలుగింతలని టావెర్నియే నాటి వర్తకులు లెక్కగట్టేవారు. అంటే, దానిని రెండుగా కోస్తే విలువలో సగం గాలిలో కలిసిపోతుంది. రంగులో, స్వచ్ఛతలో, కోతలో ఉన్న చిన్న తేడా ధరను తలకిందులు చేస్తుంది. ఆ తేడాను పసిగట్టే కన్ను వేయిమందిలో ఒకరికి కూడా ఉండదు. గజనీలో నివసించిన మహాపండితుడు అల్ బీరూనీ వెయ్యేళ్ల కిందటే రత్నాలను నీటిపాత్రలో ముంచి, అవి తొలగించిన నీటిని తూచి, వాటి సాపేక్ష భారాలను నిర్ణయించాడు. అంత శాస్త్రీయంగా పరీక్షించినా తేలేది ఆ రాయి ఏ జాతిదో మాత్రమే. దానిని ఎవరు, ఎంతకు కొంటారో ఏ తక్కెడా చెప్పలేదు.

ఇన్ని వజ్రాలున్న కుతుబ్ షాహీల రాజ్యం ఏమైంది? 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలల ముట్టడి తరువాత, లోపలివారి ద్రోహంతో కోట ద్వారం తెరిపించుకుని ప్రవేశించింది. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దౌలతాబాద్ కోటలో బందీగానే కన్నుమూశాడు. ఖజానాలోని రాళ్లు శత్రువును ఆపలేదు సరికదా, రప్పించిన కారణాలలో అవి కూడా ఒకటి.

కొత్త గని తెరిస్తే పాత సొమ్ము తరుగుతుంది

గోల్కొండ వజ్రాలు అరుదైనవి కనుక వాటి విలువ శాశ్వతమని ఆనాటివారు భావించారు. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి. ఐరోపా విపణిలో ధరలు పడిపోయాయి. 1860ల చివర దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడ్డాయి. 1871 నాటికి కింబర్లీ వద్ద తవ్వకాలు మొదలయ్యాయి. అంతటితో కృష్ణాతీరపు గనులు కథలుగా మిగిలాయి. 1950లలో కర్మాగారంలోనే వజ్రాన్ని తయారు చేయడం సాధ్యమైంది. నేడు అటువంటి వజ్రాలు మన దేశంలోనే తయారై, గని వజ్రం ధరలో కొద్దిపాటికే దుకాణాలలో దొరుకుతున్నాయి. మామూలు కంటికి రెండింటికీ భేదం తెలియదు.

ముత్యాల కథ మరింత బాధాకరం. శతాబ్దాల పాటు బహ్రెయిన్, కువైట్ వంటి గల్ఫ్ తీరాల ముస్లిములు సముద్రంలో మునిగి ముత్యాలు తీసి బ్రతికారు. బస్రా ముత్యాలన్న పేరుతో అవి హైదరాబాద్ పత్తర్‌గట్టి దాకా వచ్చేవి. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో జపానువారు ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచే విద్యను వ్యాపారంగా మార్చారు. దానికి 1929 నాటి ఆర్థిక మాంద్యం తోడైంది. కొద్ది సంవత్సరాలలోనే గల్ఫ్ ముత్యాల వ్యాపారం కుప్పకూలి, పడవల యజమానులు, మునిగేవారు అప్పుల పాలయ్యారు. ఆ తీరాలలో చమురు బయటపడి ఉండకపోతే వారి గతి ఏమయ్యేదో! కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి నేడు మన పిల్లలు అక్కడికి వెళ్లి సంపాదించి పంపే సొమ్ము ముత్యాల నాటి సంపద కాదు, ఆ తరువాత వచ్చినది.

హైదరాబాద్ నగరంలోనే మరొక ఉదాహరణ ఉంది. 1891లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు జేకబ్ అనే రత్నవర్తకుడు ఒక పెద్ద వజ్రాన్ని తెచ్చాడు. అది గోల్కొండది కాదు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చినది. వజ్రాల రాజధాని ఏలిక సముద్రాల ఆవలి వజ్రాన్ని బేరమాడే రోజు వచ్చింది. 46 లక్షల రూపాయలకు బేరం కుదిరి, 23 లక్షలు ముందుగా చెల్లించారు. రాయిని చూశాక నిజాం వద్దన్నారు. వివాదం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. చివరకు ఆ రాయి నిజాం వద్దనే మిగిలిపోయింది. ఆయన కుమారుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి పాదరక్ష ముందుభాగంలో దొరికిందని, దానిని ఆయన కాగితాల మీద బరువుగా ఉంచేవారని ప్రతీతి. దాని బరువు 184.75 క్యారట్లు.

ఏడవ నిజాం తన ఆభరణాలను వారసుల కోసం ట్రస్టుల కింద ఉంచి, 1967లో పరమపదించారు. 1970లలో వాటిని అమ్మబోగా వివాదాలు తలెత్తాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1995లో భారత ప్రభుత్వం 173 ఆభరణాలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఎవరి క్షేమం కోసం ఆ రాళ్లు దాచబడ్డాయో, వారి జీవితంలో దాదాపు మూడు దశాబ్దాలు ఎదురుచూపులలోనే గడిచాయి. అంతటి ప్రసిద్ధ వజ్రానికే కొనేవాడు దొరకడం ఇంత కష్టమైతే, మన ఇంటి హారంలోని కెంపుకు ఎవరు దొరుకుతారు?

ధర్మశాస్త్రం చేసిన విభజన

సోదరులారా! మన ఫుఖహాలు ఈ భేదాన్ని ముందే గ్రహించారు. దివ్య ఖుర్‌ఆన్‌లో ముత్యాల, పగడాల, కెంపుల ప్రస్తావన సౌందర్యానికి, దైవానుగ్రహానికి గుర్తుగా వస్తుంది. బంగారం, వెండి విషయంలో మాత్రం, వాటిని కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారికి తౌబా సూరా 34వ ఆయత్‌లో తీవ్రమైన హెచ్చరిక ఉన్నది. అందువలననే వ్యాపారం కోసం ఉంచినవి తప్ప, వజ్రాల మీద, కెంపుల మీద జకాత్ విధిగా లేదని పండితులు నిర్ణయించారు. బంగారం మీద, వెండి మీద జకాత్ విధి అయింది. ధరించే బంగారు నగలకు కూడా జకాత్ వర్తిస్తుందని మన హనఫీ పండితుల అభిప్రాయం. వాడుకలో ఉన్న నగలకు మినహాయింపు ఉందని ఇతర మజ్‌హబ్‌ల ఇమాములు చెప్పారు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) ఇహ్యా గ్రంథంలో దీనార్, దిర్హములను న్యాయాధికారులతో పోల్చారు. వస్తువుకు, వస్తువుకు మధ్య విలువ తేల్చడమే వాటి పని. వాటిని మూటకట్టి పాతిపెట్టినవాడు న్యాయాధికారిని చెరసాలలో పెట్టి జనులకు తీర్పు దక్కకుండా చేసినవాడితో సమానమని ఆయన భావం. ఏటా నలభైలో ఒక వంతు జకాత్‌గా తీయమన్న విధిలోనూ ఇదే ఉద్దేశం కనిపిస్తుంది. సంపద పేదవాని ఇంటి దాకా నడవాలి.

మనం ఏమి చేయాలి?

ఈ చరిత్రను విన్న తరువాత, మన కుటుంబాలలో కొన్ని పద్ధతులు మార్చుకోవలసి ఉంది.

మొదటిది, ఖైబర్ నాటి ఆదేశాన్ని దుకాణంలో గుర్తుంచుకోవాలి. రాళ్లు పొదిగిన నగ కొనేటప్పుడు బంగారం తూకం వేరుగా, రాళ్ల తూకం వేరుగా, తరుగు, మజూరీ వేరుగా రసీదులో రాయించండి. రాళ్ల బరువుకు కూడా బంగారం ధర చెల్లించిన కుటుంబాలు మన మొహల్లాలలో ఎన్నో ఉన్నాయి. ఆపదలో ఆ నగను అమ్మబోయిననాడు వర్తకుడు రాళ్లను తీసి పక్కన పెట్టి, మిగిలినది మాత్రమే తూస్తాడు. అమ్మేనాడు జరిగే విభజన కొనేనాడే జరగాలి. 22 క్యారట్ల నగ మీద 916 అన్న అంకెతో పాటు హాల్‌మార్క్ ముద్ర, ఆరు అక్షరాంకెల గుర్తు ఉన్నాయో లేదో చూడండి.

రెండవది, పాత నగ ఇచ్చి కొత్త నగ తీసుకునేటప్పుడు, బంగారానికి బంగారం హెచ్చుతగ్గులతో మార్చుకోవడాన్ని, అరువు పెట్టడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారని గుర్తుంచుకోండి. పాతది అమ్మి దాని వెల చేతికి తీసుకున్న తరువాత, కొత్తది వేరే బేరంగా కొనండి. దీనివలన ధర్మమూ నిలుస్తుంది, దేనికి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

మూడవది, నిసాబ్ లెక్కలో జాగ్రత్త వహించండి. ఏడున్నర తులాల బంగారమన్నప్పుడు మన పెద్దలు చెప్పినది పాత తులం. అది 11.66 గ్రాములు. ఆ లెక్కన నిసాబ్ 87.48 గ్రాములు. నేటి దుకాణాలలో తులమంటే పది గ్రాములే. ఈ రెండింటిని కలగాపులగం చేస్తే జకాత్ లెక్క తప్పుతుంది.

నాలుగవది, అదృష్టం కోసమనో, రేపు పది రెట్లు అవుతుందనో రాళ్లు కొనకండి. అలంకారానికి కొంటే అలంకారంగానే భావించండి, పొదుపు లెక్కలో చేర్చకండి. అలాగే బంగారం వ్యాపారంలో వాటా అంటూ, హలాల్ అన్న ముద్ర తగిలించి, నెలనెలా ఇంత అని స్థిరమైన లాభం వాగ్దానం చేసేవారి మాటలు నమ్మకండి. లాభనష్టాలు రెండింటిలోనూ పాలు పంచుకునేదే ధర్మబద్ధమైన భాగస్వామ్యం. బంగారం ధరే పెరుగుతూ తరుగుతూ ఉండగా, దాని మీద నెలనెలా మారని లాభం ఎక్కడి నుంచి వస్తుంది? మన పట్టణాలలో అటువంటి పథకాలలో వితంతువుల మెహర్ సొమ్ము, గల్ఫ్ కార్మికుల చెమట కరిగిపోవడం మనమంతా కళ్లారా చూశాము.

ఐదవది, సొమ్మునంతటినీ బీరువాలో బంధించకండి. ఆడబిడ్డ పెళ్లికి ముప్పై తులాలు కూడబెట్టడానికి ఆమె చదువును ఆపిన తండ్రులను మేము ఎరుగుదుము. పిల్లల చదువుకు, ఒక చిన్న వ్యాపారానికి, రుణగ్రస్తుడైన సోదరునికి వడ్డీ లేని అప్పుకు ఆ సొమ్ములో కొంత కదలనివ్వండి. వరుని తరఫువారు అడిగే నగల జాబితా మన ధర్మంలో ఎక్కడా లేదు. ఇవ్వవలసినది వరుడు, అది మెహర్. ఆ మెహర్‌ను బంగారంగా ఇస్తే, తూకం తెలిసిన, ముద్ర ఉన్న బంగారంగా ఇచ్చి, అది పూర్తిగా ఆమె సొత్తు అని గుర్తించండి.

మన ప్రభువు మన సంపాదనలో శుభాన్ని, తూకంలో న్యాయాన్ని, చేతిలో దాతృత్వాన్ని ప్రసాదించుగాక! లెక్క చెప్పవలసిన దినాన మన సొమ్ము మనకు వ్యతిరేకంగా సాక్ష్యం పలకకుండా కాపాడుగాక! ఇంతటితో మా మాట ముగిస్తూ, మా కొరకు, మీ కొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాము. ఆమీన్.